ఖైదీల గతాన్ని తవ్విన గ్రంథాలయోద్యమకారుడు ఆళ్వారుస్వామి

నిజామాబాద్‌: ఇందూరు ఖిల్లా పేరెత్తగానే దాశరథి కృష్ణమాచార్య గుర్తుకు వస్తారు. నిజాం ఏలుబడిలో జైలుగా మారిన ఈ కోటలో పళ్లు తోముకునేందుకిచ్చిన బొగ్గుతో ఆయన గోడపై పద్యం రాసిన వైనం జిల్లాలో బడిపిల్లలకూ తెలుసు. ఆయనతో పాటు అదే జైలులో నిర్బంధంలో ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి పేరు మాత్రం అంతగా వినపడదు. సిబ్బంది చెరిపివేసిన పద్యాన్ని ఆళ్వారుస్వామి తిరిగి రాశారని ఇందూరులో చెప్పుకుంటారు. అయితే జైలు గోడల నడుమ ఆయన చేసిన అసలు పని వేరొకటి ఉంది. అది ఒక విధమైన అపరాధ పరిశోధన.

నల్గొండ జిల్లా నకిరేకల్‌ సమీపంలోని చెరువుమాధవరంలో 1915 నవంబర్‌ 1న జన్మించిన ఆళ్వారుస్వామి చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయారు. ఒక ఉపాధ్యాయుని ఇంట వంటపని చేస్తూ అక్షరాలు నేర్చారు. బెజవాడలో హోటల్‌ పనికి కుదిరి, తీరిక వేళల్లో పుస్తకాలతో గడిపారు. హైదరాబాద్‌ చేరి గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, అచ్చువేసిన పుస్తకాలను తానే మోసుకొని ఇల్లిల్లూ తిరిగి అమ్మారు. తెలుగు చదువుకే దిక్కులేని రోజులవి. ఏ పట్టా లేని మనిషి పాఠకులను వెదుక్కుంటూ వారి గుమ్మం ముందుకే వెళ్లడం నేటి గ్రంథాలయాలకు సైతం ఊహకందని సంగతి.

1942 క్విట్‌ ఇండియా ఉద్యమంలో తొలిసారి, ఆ తరువాత తెలంగాణ పోరాట కాలంలో మరల జైలుకు వెళ్లారు. లోపల రాజకీయ ఖైదీలతో పాటు దొంగతనాలు, హత్యల వంటి నేరాలపై శిక్ష పడినవారు ఉండేవారు. చదువుకున్నవారు సాధారణంగా వారికి దూరంగా మెలగుతారు. ఆళ్వారుస్వామి వారి చెంతనే కూర్చొని, ఒక్కొక్కరి గతాన్ని కూపీ లాగారు. ఆ ఆరాల ఫలితమే 'జైలు లోపల' కథలు.

తెలుగునాట డిటెక్టివ్‌ నవలలు విరివిగా వెలువడిన 1950లలో కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్‌ నేరస్థుని పట్టుకోవడంతో కథ ముగిసేది. ఆళ్వారుస్వామి కథ అక్కడ మొదలవుతుంది. నేరస్థుడు ముందే పట్టుబడి, శిక్ష పడి ఎదుటనే ఉన్నాడు. అతడిని ఆ స్థితికి చేర్చినదెవరన్నదే తేలవలసిన విషయం. ఆకలి, పెరిగిన చోటు, ఊరి పెద్దల దౌష్ట్యం... ఆయన దర్యాప్తు చివరకు ఇటువంటి నిందితుల వద్దకు చేరుతుంది. ఒక కథకు 'పరిసరాలు' అని పేరు పెట్టడంలోనే ఆయన తీర్పు దాగి ఉంది.

మన ప్రాంతానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. 1931 నాటికి నిజాంసాగర్‌ పూర్తయింది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది, అదే ఏడు ఆంధ్ర మహాసభ నిజామాబాద్‌లో సమావేశమైంది. కాలువ నీరు, చెరకు గానుగ వచ్చినంత మాత్రాన తెలంగాణ పల్లెల్లో వెట్టి పోలేదు. ఆ వెట్టినీ, దొరల పెత్తనాన్నీ ఆయన 'ప్రజల మనిషి' నవలలో దిమ్మెగూడెం అనే ఊరి కథగా చిత్రించారు. దొర రామభూపాలరావుకు ఎదురు నిలిచిన కంఠీరవం అందులో నాయకుడు. సాహిత్య దృష్టితో చూస్తే నవలలో కొన్ని చోట్ల ఉపన్యాస ధోరణి కనిపిస్తుంది. ఊరి వ్యవహారాలు తెలిసినవారికి మాత్రం అందులో ఒక్క మాటా కల్పితమనిపించదు.

తనకన్నా పదేళ్లు పెద్దవాడైన ఈ జైలు సహచరునికే దాశరథి తన తొలి కవితా సంపుటి 'అగ్నిధార'ను అంకితమిచ్చారు. 1961 ఫిబ్రవరి 5న, నలభై ఐదేళ్ల వయసులో ఆళ్వారుస్వామి కన్నుమూశారు. అప్పటికి రాస్తున్న 'గంగు' నవల అసంపూర్తిగా మిగిలిపోయి, ఆయన మరణానంతరం అచ్చయింది.