దత్తమండలాల వీరుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి

నల్లమల కొండలకు పడమట, కుందూనది ఇరుదరుల విస్తరించిన నంద్యాల, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల ప్రాంతాలను ప్రకృతి ఒకే లోయగా తీర్చింది. పాలకులు మాత్రం ఆ లోయను పలుమార్లు పంచుకొన్నారు. రాజ్యాల ఎల్లలు మారినప్పుడు ఆ నేలను నమ్ముకొన్నవారి హక్కులు ఏమవుతాయి? ఈ ప్రశ్నకు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి జీవితం సమాధానం చెబుతుంది.

విజయనగర ప్రభువుల కాలంలో ఈ సీమలో పాలెగాండ్ర వ్యవస్థ స్థిరపడింది. తమ అధీనంలోని గ్రామాలను కాపాడడం, శిస్తు వసూలు చేయడం, రాజుకు యుద్ధసమయంలో సైనికులను పంపడం పాలెగాండ్ర విధులు. 1565లో విజయనగర ప్రాభవం అస్తమించిన తరువాత కూడా పాలెగాండ్రు నిలిచారు; వారిపై ప్రభువులే మారుతూ వచ్చారు. 1779లో హైదరాలీ కడప నవాబును జయించి ఆ సీమను మైసూరు రాజ్యంలో కలుపుకొన్నాడు. 1792లో శ్రీరంగపట్నం సంధి వల్ల అది నిజాముకు దక్కింది. తన రక్షణకై ఉంచుకొన్న ఆంగ్ల సైన్యపు వ్యయానికి బదులుగా నిజాము 1800 అక్టోబరు 12న కుదిరిన ఒప్పందం ద్వారా ఆ ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. ఈ విధంగా దత్తం చేయబడినందున వాటికి దత్తమండలాలని పేరు వచ్చింది. ఇరవై ఒక్క సంవత్సరాలలో మూడుసార్లు ప్రభుత్వం మారినా, ఒక్కసారి కూడా ప్రజల అభిమతాన్ని అడిగినవారు లేరు.

ఈ మార్పుతో లోయ రెండుగా చీలింది. కోవెలకుంట్ల తాలూకా కంపెనీవారి కడప జిల్లాలో చేరింది. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలు కర్నూలు నవాబు ఏలుబడిలోనే మిగిలాయి. 1839లో కంపెనీ ఆ నవాబును పదవీచ్యుతుని చేసి అతని సంస్థానాన్ని కూడా స్వాధీనం చేసుకొంది.

దత్తమండలాలకు తొలి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, ప్రభుత్వానికి రైతుకు నడుమ పాలెగాడు ఉండరాదని భావించాడు. రైతు నేరుగా ప్రభుత్వానికే పన్ను చెల్లించే రైత్వారీ పద్ధతిని నెలకొల్పాడు. దీనివల్ల పాలెగాండ్ర అధికారం అంతరించింది. తరతరాలుగా కోటలు ఏలిన వంశాలవారు నెలనెలా తవర్జి అనే భరణాన్ని పుచ్చుకొనే స్థితికి వచ్చారు.

అటువంటి వంశంలో నరసింహారెడ్డి జన్మించాడు. తండ్రి పెద్దమల్లారెడ్డి. తల్లి నొస్సం పాలెగాడైన జయరామిరెడ్డి కుమార్తె. తండ్రి భరణం ముప్పై అయిదు రూపాయలను ముగ్గురు అన్నదమ్ములు పంచుకోగా, నరసింహారెడ్డి వంతుకు నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు వచ్చాయి. మాతామహునికి పుత్రసంతానం లేనందున ఆయన మరణానంతరం నొస్సం భరణాన్ని ప్రభుత్వం నిలిపివేసింది. తన భరణం కోసం కోవెలకుంట్ల ఖజానాకు పంపిన మనిషిని తహసీల్దారు అవమానించి పంపాడని జనశ్రుతి.

ఒక్క కుటుంబపు గౌరవభంగమే ఇందులోని విషయమైతే ఇది తిరుగుబాటుగా మారేది కాదు. పాలెగాండ్ర కాలంలో గ్రామరక్షణకు నియుక్తులైన కట్టుబడి బంట్రోతులు మాన్యపు భూములతో జీవించేవారు. వారి మాన్యాలను ప్రభుత్వం క్రమంగా స్వాధీనం చేసుకోసాగింది. వృత్తినీ భూమినీ కోల్పోయిన ఆ సామాన్యులు నరసింహారెడ్డి పక్షాన చేరారు. వడ్డె ఓబన్న ఆయనకు కుడిభుజంగా నిలిచాడు.

1846 జూలైలో నరసింహారెడ్డి దళం కోవెలకుంట్ల ఖజానాను ముట్టడించింది. అక్కడినుండి రుద్రవరం మీదుగా నల్లమల చేరి, కొండలు దాటి గిద్దలూరు ప్రాంతంలో కంపెనీ సేనలతో పోరాడింది. కాగితంపై గీసిన జిల్లాల హద్దులు ఆ దళానికి అడ్డు కాలేదు. ఏ ఊరు ఏ అధికారి కింద ఉన్నా, ప్రజలు వారికి ఆశ్రయమిచ్చారు. కడప కలెక్టరు కాక్రేన్ నలువైపులా సైన్యాన్ని నడిపి, పట్టి ఇచ్చినవారికి బహుమానం ప్రకటించాడు. చివరకు 1846 అక్టోబరు 6న పేరుసోమల సమీపంలోని జగన్నాథకొండ వద్ద నరసింహారెడ్డి పట్టుబడ్డాడు.

విచారణ అనంతరం ఆయన అనుచరులలో వందమందికి పైగా కారాగారశిక్షలు పడ్డాయి. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో జుర్రేటి ఒడ్డున, వేలాది ప్రజలు చూస్తుండగా నరసింహారెడ్డిని ఉరితీశారు. చూచినవారికి భయం కలిగేందుకు ఆయన శిరస్సును కోటపై వ్రేలాడదీసి, 1877 వరకు అట్లే ఉంచారు. అయితే భయానికి మారుగా వీరగాథలు పుట్టాయి. ఆయన కథను సీమ ప్రజలు ఊరూరా పాడుకొన్నారు.

ఆ శిరస్సు కోటపై ఉండగానే ఎల్లలు మరల మారాయి. 1858లో పూర్వపు నవాబు తాలూకాలకు కడప జిల్లా నుండి కోవెలకుంట్ల, కంభం, మార్కాపురం, బళ్లారి జిల్లా నుండి పత్తికొండ కలిపి కర్నూలు జిల్లాను ఏర్పరచారు. చీలిన లోయ తిరిగి ఒక్కటైంది. ఒకరు మరొకరికి ఇచ్చివేసినదన్న అర్థం గల దత్తమండలమనే పేరు ఈ సీమవారికి అవమానకరంగా తోచింది. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలలో చిలుకూరి నారాయణరావు సూచించిన రాయలసీమ అనే పేరును ఆదరంతో స్వీకరించారు. 1953లో కర్నూలు ఆంధ్రరాష్ట్రానికి రాజధాని అయింది. 1970లో గిద్దలూరు ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలో చేరింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడగా, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల, ఉయ్యాలవాడ అందులో చేరాయి. కర్నూలు సమీపంలోని ఓర్వకల్లు విమానాశ్రయానికి 2021లో నరసింహారెడ్డి పేరు పెట్టారు.

దేశపటంలోని గీతలు కాలానుగుణంగా మారుతూనే ఉంటాయి. ఆ మార్పు ప్రజల జీవనాధారాన్ని హరించినప్పుడు అది అశాంతికి బీజమవుతుంది. నరసింహారెడ్డి ఓడిపోయాడు. కాని తమ నేలపై జరిగే నిర్ణయంలో తమకూ మాట ఉండాలన్న ఆ సీమవాసుల కోరిక ఆయనతో అంతరించలేదు. 1800లో పరాయివారి ఒప్పందంతో పేరు పొందిన ప్రజలే, 1928లో నంద్యాలలో తమ సీమకు తాము పేరు పెట్టుకొన్నారు.