డిగ్రీ లేకపోయినా బిషప్ అయ్యారు

కొత్తచెరువులో బెంగళూరు బస్సెక్కబోతూ, కన్నడం రాదే అని జంకుతున్నారా? అయితే వేదనాయకం శామ్యూల్ అజరయ్య గురించి తెలుసుకోండి.

1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడాయన. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివినా డిగ్రీ చేతికి రాలేదు. వైఎంసీఏ కార్యదర్శిగా చేరి, ఏళ్ల తరబడి పనిచేశారు. 1909లో ఆ ఉద్యోగం వదిలేసి, నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చేశారు. అక్కడి పేదల మధ్య పనిచేయాలంటే తెలుగు రావాలి. ముప్పై దాటిన వయసులో కూర్చుని నేర్చుకున్నారు.

భారతీయుడికి బిషప్ పదవేంటని కొందరు అడ్డు చెప్పారు. అయినా 1912లో ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. 1945లో కన్నుమూసేదాకా దోర్నకలే ఆయన ఊరు.

మీకింకా పాతికేళ్లు కూడా నిండలేదు కదా! బస్సు దిగేలోపే పది కన్నడ మాటలు నేర్చేసుకోండి.