జెల్లీఫిష్ అంచున కత్తెర పెట్టినాయన

మెదడు లేదు, ఎముక లేదు. అయినా జెల్లీఫిష్‌కి వెలుతురు తెలుస్తుంది, తాకితే తెలుస్తుంది, పక్కకి ఒరిగితే అదీ తెలుస్తుంది. పేటలో పత్తి, మిర్చి చేల మధ్య కూర్చుని ఈ సముద్రం కబుర్లేంటి అనకండి. ల్యాబ్‌లో ఈసీజీ గీతలు చూసే మనకి ఈయన చుట్టమే. ఎలాగో చెప్తా.

జార్జ్ జాన్ రోమన్స్ 1848లో కెనడాలోని కింగ్‌స్టన్‌లో పుట్టాడు, ఇంగ్లండ్‌లో పెరిగాడు. కేంబ్రిడ్జిలో పాసయింది రెండో తరగతిలోనే. ఆయన మీద నాకు అభిమానం అక్కడే మొదలైంది! 1873లో నేచర్ పత్రికకి ఆయన రాసిన ఓ ఉత్తరం డార్విన్ కంట్లో పడింది. వయసులో 39 ఏళ్ళ తేడా ఉన్నా ఇద్దరూ చివరిదాకా స్నేహితులే.

జెల్లీఫిష్‌కి నరాలున్నాయా లేవా అన్నది అప్పటికి తేలలేదు. రోమన్స్ స్కాట్లండ్ తీరంలో సొంత ల్యాబ్ పెట్టుకుని కత్తెర పట్టాడు. చిన్న రకాల్లో గొడుగు అంచు మొత్తం కత్తిరిస్తే గొడుగు కదలడం మానేసింది. తెగిపోయిన అంచు మాత్రం కొట్టుకుంటూనే ఉంది. అంటే కంట్రోల్ రూమ్ అంచులోనే ఉందన్నమాట. సర్సియా అనే రకం వెలుతురు వైపు ఈదుతుంది. అంచునున్న కంటిచుక్కలు తీసేస్తే దీపాన్ని పట్టించుకోలేదు.

తర్వాత ఆరీలియా వంతు. దాని గొడుగుని చుట్టలు చుట్టలుగా, పొడవాటి పట్టీలా కోశాడు. ఒక చివర మొదలైన కదలిక పట్టీ అంతా తిరిగి రెండో చివరికి చేరింది. దారి మరీ ఇరుకైన చోట ఆగింది. దానికి బ్లాక్ అని పేరు పెట్టాడు. ఆయన అడిగితే షేఫర్ మైక్రోస్కోపు కింద నరాల పోగుల్ని వెతికి చూపించాడు. ఒక్క దారి తెగితే చుట్టూ తిరిగి ఇంకో దారిన పోయే మెష్ నెట్‌వర్క్ లాంటిది అది.

ఆరీలియా అంచున ఎనిమిది ఇంద్రియ కేంద్రాలుంటాయి. వాటిలోని చిన్న స్ఫటికాల బరువు ఎటు వాలిందో దాన్నిబట్టి ఒంటి వాలు తెలుస్తుంది. మన ఫోన్లో యాక్సిలెరోమీటర్ చేసే పనీ దాదాపు ఇదే.

కేంబ్రిడ్జిలో గాస్కెల్ ఆ బ్లాక్ అనే మాటని గుండె మీద పరిశోధనలోకి తెచ్చాడు. ఇవాళ డాక్టర్లు హార్ట్ బ్లాక్ అంటున్నది ఆ దారికి అడ్డంకి వచ్చినప్పుడే. అది తీవ్రమైతే పేస్‌మేకర్ పెడతారు.

1879లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. 1885లో జెల్లీఫిష్ మీద పుస్తకం వచ్చింది. 1894 మేలో, 46 నిండిన మూడో రోజున ఆక్స్‌ఫర్డ్‌లో పోయాడు. ఆయన మొదలుపెట్టిన ఉపన్యాసాలు అక్కడ ఆయన పేరుతోనే కొనసాగాయి. కానీ నా లెక్కలో, గుండె లేని ప్రాణిని చూసి మన గుండెకి దారి చూపించడమే ఆయన చేసిన పెద్ద పని.