మూసారాంబాగ్‌కు పేరిచ్చిన ఫ్రెంచి దొర

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి హైదరాబాదు బస్సెక్కిన వారికి దిల్‌సుఖ్‌నగర్ దాటగానే మూసారాంబాగ్ వస్తుంది. ఆ పేరు ఫ్రెంచి దేశస్థుడు రేమండ్‌ది.

1755లో ఫ్రాన్సులో పుట్టిన రేమండ్ ఇరవయ్యో ఏట వ్యాపారం కోసం పాండిచ్చేరి వచ్చాడు. కొన్నాళ్లకే తరాజు వదలి తుపాకి పట్టాడు. 1786 ప్రాంతంలో నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు. హైదరాబాదులో ఫిరంగులు పోసే కార్ఖానా పెట్టించాడు. నేటి గన్‌ఫౌండ్రీ పేరు దాని వల్ల వచ్చిందే. ఆయన దండు సుమారు 14 వేలకు పెరిగింది. 1795లో నిజాం కొడుకు ఆలీజా తిరగబడితే అణచింది రేమండే. నిజాంకు గురి కుదిరింది. ఇంగ్లీషువారికి కన్ను కుట్టింది. హిందువులు ఆయనను మూసా రాముడన్నారు, ముస్లింలు మూసా రహీం అన్నారు.

1798 మార్చి 25న రేమండ్ మరణించాడు. ఆరు నెలలైనా తిరగకముందే, సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లీషువారితో సంధి చేసుకున్నాడు. అక్టోబరులో రేమండ్ దండు చేత ఆయుధాలు దింపించారు. నిజాం రాజ్యం, దానితోపాటు మన పల్లెలు కూడా ఇంగ్లీషువారి చెప్పుచేతల్లోకి పోయాయి.

రేమండ్ కట్టిన దండు పోయింది. జనం పెట్టుకున్న పేరు మాత్రం నిలిచింది. ఆయన సమాధి మూసారాంబాగ్ సమీపంలోని ఆస్మాన్‌గఢ్ గుట్టపై ఉంది.