జగదీశచంద్ర బోసు

తంత్రి లేకయే వార్తలు ఖండాంతరములకు పోవుచున్న యీ కాలమున, ఆ విద్య యొక్క తొలి పునాదులలో నొకటి కలకత్తాలో పడినదని స్మరించువారు కొలదిమందియే.

జగదీశచంద్ర బోసు 1858వ సంవత్సరము నవంబరు 30వ తేదీన వంగదేశమున జన్మించెను. తండ్రి ప్రభుత్వోద్యోగి యయ్యును, కుమారుని మొదట మాతృభాషా పాఠశాలకే పంపెను. కేంబ్రిడ్జిలో విద్య ముగించి, 1885లో ఆయన కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఉపాధ్యాయుడయ్యెను. తెల్లవారి జీతములో మూడవవంతు మాత్రమే ఆయనకు నిర్ణయింపబడెను. ఇంట తండ్రి ఋణభారము కలదు. అయినను ఆయన పాఠము మానలేదు, జీతము ముట్టలేదు. మూడేండ్లిట్లు గడచిన పిమ్మట ప్రభుత్వమే దిగివచ్చి, వెనుకటి కాలమునకు సయితము పూర్తి వేతనము చెల్లించెను.

కళాశాలలో తగిన ప్రయోగశాల లేకుండెను. చిన్న గదిలో, తాను పని నేర్పిన తగరపు పనివానిచేత బోసు యంత్రములు చేయించుకొనెను. హెర్ట్జు పండితుడు పుట్టించిన విద్యుత్తరంగములు మూరలతో కొలువదగినవి. బోసు వానిని ఐదు మిల్లీమీటర్ల వరకు కుదించి, అవి వెలుతురువలెనే ప్రవర్తించునని బల్లమీదనే నిరూపించెను. 1895లో కలకత్తా పురమందిరమున, గోడ లడ్డముండగనే, ఆ తరంగములచే దూరమున గంట మ్రోగించి, తుపాకిమందు ప్రేల్చెను. మార్కోని ఇంగ్లండులో పేటెంటు కోరినది 1896లో. వార్తను దవ్వులకు పంపి, దానిని వ్యాపారముగా పెంచిన కీర్తి మార్కోనిదే. దానిని హరింప మేము కోరము. బోసు త్రోవ వేరు. తరంగములను పసిగట్టు గెలీనా స్ఫటిక సాధనమునకు, మిత్రుల నిర్బంధముమీద, 1904లో అమెరికా పేటెంటు లభించినను, ఆయన దానివలన ధనమార్జింప నిచ్చగింపలేదు.

తాను కూడబెట్టిన ధనమును, దేశీయుల విరాళములను చేర్చి, 1917లో కలకత్తాలో విజ్ఞానమందిరమును నెలకొల్పెను. 1937 నవంబరు 23వ తేదీన దివంగతుడయ్యెను. ఆయన తొలి ప్రయోగములను విద్యుత్, ఎలక్ట్రానిక్సు ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థ 2012లో చారిత్రక ఘట్టముగా గుర్తించెను.

విద్య నమ్ముకొనకుండుట ఋషిధర్మము. కాని ఋషి కనుగొన్న దానిని యంత్రముగా మలచు కర్మశాల దేశమున లేకున్నచో, ఆ యంత్రమునే పరులవద్ద వెలయిచ్చి కొనవలసి వచ్చును. చెరువులు త్రవ్వించి, సత్రములు కట్టించిన వంశములు మనలో కలవు. గ్రామ పాఠశాలలో నొక ప్రయోగశాలను నిలుపుటయు అట్టి ధర్మమే. తగరపు పనివాని చేతితో ఇంతపని జరిగిన దేశమున, సాధనములు సమకూర్చినచో ఎంత జరుగునో పాఠకులే యోచింతురు గాక.