మహలఖాబాయి చందా

గాయకులనగానే నేటి విద్యార్థులకు మొదట స్ఫురించేది పాశ్చాత్య రాక్ బృందాలు. అందులో తప్పుపట్టవలసినదేమీ లేదు. బీటిల్స్ బృందం 1970లో విడిపోయింది. ఎల్విస్ ప్రెస్లీ 1977లో కన్నుమూశాడు. అయినా మన ఖాజాగూడలో ఏ విద్యార్థి గదిలోనైనా మీట నొక్కిన మరుక్షణం వారి కంఠాలు పలుకుతాయి. యంత్రం వచ్చిన తరువాత పుట్టిన గాయకుల అదృష్టమది. మన దేశంలో 1902లో గౌహర్ జాన్ కలకత్తాలో గ్రామఫోను కంపెనీకి పాడింది. అంతకు 78 సంవత్సరాల పూర్వమే మన హైదరాబాదులో మరణించిన ఒక మహాగాయనిని గూర్చి ఇక్కడ ముచ్చటింపదలచాము. ఆమె కంఠం ఎట్లుండెనో చెప్పగలవారు నేడెవరూ లేరు. వినే మార్గం అసలే లేదు. అయినను ఆమె పేరు నిలిచింది. ఆ పేరు దానంతటది నిలువలేదనీ, చాలవరకు ఆమెయే బుద్ధిపూర్వకంగా నిలుపుకొన్నదనీ మా అభిప్రాయం.

ఖాజాగూడలో ఫక్రుద్దీన్ గుట్ట ఎట్టిదో, నగరానికి ఈశాన్య దిశన మౌలాలి గుట్ట అట్టిది. రెండూ దక్కను గ్రానైటు బండలే. రెంటినీ ఆశ్రయించి భక్తులు చేరే దర్గాలున్నవి. చందాబీబీ కథ ఆ మౌలాలి గుట్ట దగ్గరనే ప్రారంభమవుతుంది. ఆమె తల్లి రాజ్‌కున్వర్ ఉత్తరాదినుండి తరలివచ్చిన నర్తకి. తండ్రి బహదూర్ ఖాన్ మొగలు కొలువులో ఉద్యోగి. రాజ్‌కున్వర్ నిండు గర్భిణిగా, కవియు చిత్రకారుడునైన తజల్లీ అలీ షాతో కలిసి మౌలాలి యాత్రకు వెళ్లినప్పుడు గర్భస్రావ ప్రమాదం ఏర్పడినదట. ఆయన గుట్టపైని దర్గానుండి తెచ్చిన దారం, ధూపం వలన గండం గడిచినదని ఆనాటి కథనం. ఇందులో నిజమెంతో తేల్చే పని మేము పెట్టుకొనలేదు. 1768లో పుట్టిన ఆ శిశువు మాత్రం దానిని పూర్తిగా నమ్మినట్లే జీవించింది. ఆమె రచించిన గజళ్లు ముగిసే చోట హజ్రత్ అలీ స్మరణ వస్తుంది.

చిన్ననాడే చందాను మెహతాబ్ అనే బంధువు పెంచుకొన్నది. ఈమె నిజాం అలీఖాన్ దివానైన రుక్నుద్దౌలాకు ప్రియురాలు. కనుక బాలిక పెరిగినది ఒక ప్రధానమంత్రి ఇంట, గ్రంథాలయం ఒడిలో. సంగీతం ఖుష్‌హాల్ ఖాన్ అనూప్ వద్ద, కవిత్వం షేర్ మహమ్మద్ ఖాన్ ఈమాన్ వద్ద అభ్యసించింది. వీటితోపాటు గుర్రపు స్వారీ, విలువిద్య, ఈటె విసరుట కూడా నేర్చింది. 1782లో కోలారు, 1783లో నిర్మల, 1789లో పానగల్లు దండయాత్రలలో ఆమె పురుషవేషంతో నిజాం వెంట నడిచినదని చరిత్రకారులు వ్రాసినారు. దర్బారులో ఉమరా స్థాయి, మహలఖా అనే బిరుదు, జాగీర్లు లభించినవి. చంద్రుని వంటి ముఖము గలది అని ఆ బిరుదుకు అర్థం. రాజ్య వ్యవహారాలలో ఆమె సలహా తీసుకొనేవారట. మీర్ ఆలం, రాజా రావు రంభా వంటి ప్రముఖులు ఆమె కళకూ, ఆమెకూ కూడా ఆకర్షితులైనారు. ఆమె ఎవరినీ వివాహమాడలేదు.

ఈ చోట కొందరు పాఠకులు నొసలు చిట్లించవచ్చును. ఆమె తవాయఫ్. తెలుగువారి వాడుకలో చెప్పాలంటే కళావంతుల వంటి వృత్తి. ఆ ఒక్క మాటతో ఆమెను పక్కకు నెట్టివేయుట సులభం. తెలుగుదేశం ఇట్టి పని ఒకసారి చేసి చూచింది. తంజావూరు మరాఠా రాజైన ప్రతాపసింహుని ఆస్థాన గాయని ముద్దుపళని రాధికాసాంత్వనము అనే ప్రబంధం వ్రాస్తే, ఆమె కులవృత్తిని ఎత్తిచూపి కందుకూరి వీరేశలింగం వంటి పెద్దలే దానిని నిరసించినారు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దానిని సరిచూచి ప్రచురిస్తే ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం 1947 వరకు తొలగలేదు. నాగరత్నమ్మ కూడా గాయనియే. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి మందిరం కట్టించినది ఆమెయే. ఒక గాయని పుస్తకాన్ని మరొక గాయని కాపాడవలసి వచ్చినది. మహలఖాకు అట్టి రక్షకురాలు దొరకునో లేదో ఆమెకేమి తెలుసు? అందుచేతనే కాబోలు, తన పుస్తకం సంగతి తానే చూచుకొన్నది.

1798లో ఆమె దీవాను సిద్ధమైనది. అందులో దాదాపు 125 గజళ్లు, ఒక్కొక్క దానిలో ఐదేసి షేర్లు. ఉర్దూలో దీవాను కూర్చిన మొదటి మహిళ ఆమెయే అని చాలా కాలం చెప్పుకొన్నారు. అంతకు కొద్దికాలం ముందే దక్కనుకే చెందిన లుత్ఫున్నిసా ఇంతియాజ్ ఒక దీవాను పూర్తిచేసినట్లు తరువాత పరిశోధకులు గుర్తించినారు. మొదటిస్థానం పోయినంత మాత్రాన మహలఖా విలువ తగ్గదు. దక్కను నేలపై ఒకే దశాబ్దంలో ఇద్దరు స్త్రీలు దీవానులు కూర్చినారంటే మనకు గర్వకారణం రెట్టింపయింది.

1799 మే నెలలో శ్రీరంగపట్టణం పడిపోయి టిప్పు సుల్తాను మరణించాడు. నిజాం సేనను నడిపిన మీర్ ఆలం, ఆ సేనతో వెళ్లిన కెప్టెన్ జాన్ మాల్కం ఆ యుద్ధంలో పాల్గొన్నారు. ఆ అక్టోబరులో హైదరాబాదులో జరిగిన ఒక నృత్యసభలో ప్రధాన నర్తకి మహలఖా. ఆట సాగుతుండగనే ఆమె తన దీవాను ప్రతిని మాల్కం చేతికి నజరానాగా ఇచ్చింది. ఆనాటి పెద్దలు విజేతలకు రత్నాలు, ఏనుగులు సమర్పించినారు. ఈమె తన కవిత్వం ఇచ్చింది. అది రాజనీతియా, లేక రానున్న కాలమెవరిదో గ్రహించిన రచయిత్రి దూరదృష్టియా? రెండూ అని మా ఊహ. మాల్కం తరువాత బొంబాయి గవర్నరు అయినాడు. ఆ ప్రతి సముద్రం దాటి నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నది. 1824లో ఆమె మరణానంతరం గుల్జారె మహలఖా అనే పేరుతో ఆమె గజళ్లు వెలువడినవి.

ఇతరుల రచనలకు కూడా ఆమె ధనం వెచ్చించింది. గులాం హుస్సేన్ ఖాన్ జౌహర్ చేత దక్కను చరిత్రను వ్రాయించింది. దానికి మాహ్‌నామా అని పేరు. ఇందులో గడుసుతనం గమనింపదగినది. దేశచరిత్ర పేరులోనే తన పేరులోని చంద్రుడు వెలిగినాడు. తన జన్మవృత్తాంతం వంటి విషయాలు మనదాకా వచ్చినది కూడా ఇట్టి రచనల పుణ్యముననే. 1906లో గులాం సమదానీ గౌహర్ ఉర్దూలో ఆమె జీవితచరిత్రను ప్రకటించాడు. ఇక అనేకమంది ఆడపిల్లలను చేరదీసి, పెంచి, సంగీత నృత్యాలు నేర్పించింది. కంఠం నిలువకపోయినా బాణీ కొంతకాలం నిలువవచ్చుననుకొన్నదేమో!

తల్లి రాజ్‌కున్వర్ మరణించగా, 1792లో మౌలాలి గుట్ట పాదం వద్ద ఆమెకు సమాధి కట్టించి చుట్టూ తోట వేయించింది. తనను బ్రతికించినదని విన్న గుట్ట నీడనే తల్లిని నిద్రపుచ్చినది. 1824లో తానును అక్కడే, తల్లి పక్కన విశ్రమించింది. ఆ తరువాత చాలాకాలం ఆ ఆవరణ పిచ్చిమొక్కలతో, పగుళ్లతో శిథిలమైనది. 2010 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వం ఇచ్చిన నిధితో దాని పునరుద్ధరణ జరిగింది. పాడిన నగరంలోని ధనవంతులు చేయవలసిన పనిని దూరదేశం చేసినందుకు సంతోషింపవలెనో, సిగ్గుపడవలెనో పాఠకులే నిర్ణయింతురు గాక.

ఆమె జాగీర్లలో అడిక్‌మెట్ ఒకటి. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం తరువాత ఆ ప్రాంతంలోనే స్థిరపడినది. దాని ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైనది. ఉర్దూ బోధనాభాషగా మొదలైన ఆ విద్యాలయం ఒక ఉర్దూ కవయిత్రి జాగీరు నేలపై వెలిసినదన్నమాట. ఆ పక్కనే ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. మన కళాశాలలో చదువు ముగించి పై చదువులకు ఆ రెండు చోట్లకు వెళ్లే విద్యార్థులు ఏటా ఉంటారు. వారొకసారి ఆ రెండవదాని ఆవరణలో వెదకి చూతురు గాక. మహలఖా పేరుతో చెప్పుకొనే రాతి మెట్లబావి ఒకటి అక్కడ నేటికీ ఉన్నది.