హరూరా శిబిరంలో ఇబ్నె అబ్బాస్ (రజి)

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అబ్బాస్ (రజి) దైవప్రవక్త (సఅసం) పినతండ్రి కుమారులు. హిజ్రత్‌కు మూడేళ్ళ ముందు మక్కాలో జన్మించారు. ఆయనకు ధర్మావగాహన ప్రసాదించమని దైవప్రవక్త (సఅసం) దుఆ చేశారు. ప్రవక్త మరణానంతరం హదీసుల కోసం ఆయన అన్సార్ సహాబాల గడపల ముందు, మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఓపికగా వేచి ఉండేవారు. ముందు ఎదుటివారు చెప్పేది వినాలన్న గుణం ఆయనకు అక్కడే అబ్బిందనుకుంటాను.

హిజ్రీ 37 (క్రీ.శ. 657)లో సిఫ్ఫీన్ యుద్ధం ఆపడానికి హజ్రత్ అలీ (రజి) మధ్యవర్తిత్వానికి అంగీకరించారు. దాన్ని నిరసిస్తూ ఆయన సైన్యంలో కొందరు విడిపోయి కూఫా సమీపాన హరూరాలో దిగారు. వీరే ఖారిజీలు. విచిత్రమేమంటే, మొదట మధ్యవర్తిత్వానికి ఒప్పుకొమ్మని ఒత్తిడి చేసినవారిలో వీరు కూడా ఉన్నారని చరిత్రకారులు రాశారు. వీరు ఆరాధనలో గట్టివారు, నుదుట సజ్దా గుర్తులున్నవారు. కాని వారిలో ఒక్క సహాబీ కూడా లేరు. కాదని చెప్పేవారు లేని ఆ గుంపులో, నిన్న పొరపాటు అన్నది నేడు పాపమైంది, ఆ తర్వాత కుఫ్రే అయింది.

ఇబ్నె అబ్బాస్ (రజి) వెళ్తానంటే, ఏమైనా చేస్తారేమోనని హజ్రత్ అలీ (రజి) భయపడ్డారు. అయినా ఆయన మంచి యమనీ దుస్తులు ధరించి ఒంటరిగా వెళ్ళారు. వాళ్ళు ముందు ఆ బట్టలనే తప్పుపట్టారు. ఖురైషీయులతో వాదించవద్దని కొందరు తమవాళ్ళను వారించారు. ఆయన మాత్రం, మీ ఫిర్యాదులేమిటో చెప్పండని అడిగి, మూడూ పూర్తిగా విన్నారు.

అల్లాహ్ తీర్పు ఉండవలసిన చోట మనుషులను తీర్పరులుగా పెట్టారన్నది మొదటిది. ఎహ్రామ్‌లో వేటాడిన జంతువు పరిహారానికీ, ఆలుమగల తగవుకూ ఖుర్‌ఆన్ మనుషులనే తీర్పరులుగా పెట్టమన్నది కదా, ముస్లిముల రక్తం కుందేలుపాటి విలువ చేయదా అని ఆయన అడిగారు. జమల్ యుద్ధంలో ఓడినవారిని బందీలు చేయలేదన్నది రెండోది. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి)ను బందీగా తీసుకుంటారా అనేసరికి వాళ్ళ దగ్గర జవాబు లేదు. ఒప్పంద పత్రంలో అలీ (రజి) తన పేరు పక్కనున్న అమీరుల్ మోమినీన్ అన్న మాట తీసివేయించారన్నది మూడోది. హుదైబియాలో దైవప్రవక్త (సఅసం) కూడా రసూలుల్లాహ్ అన్న మాట చెరిపించారని ఆయన గుర్తుచేశారు.

సంఖ్యల విషయంలో ఉల్లేఖనాలు వేరువేరుగా ఉన్నాయి. ఒక ప్రసిద్ధ ఉల్లేఖనం ప్రకారం 6,000 మందిలో 2,000 మంది ఆయన వెంట తిరిగి వచ్చేశారు.

మిగిలినవారు మరింత బిగుసుకుపోయారు. చెట్టు కింద రాలిన ఖర్జూరాన్ని యజమాని అనుమతి లేదని ఉమ్మివేయించినవారే, సహాబీ కుమారుడైన అబ్దుల్లాహ్ బిన్ ఖబ్బాబ్‌నూ, గర్భవతి అయిన ఆయన భార్యనూ చంపారు. హిజ్రీ 38లో నహ్రవాన్ వద్ద హజ్రత్ అలీ (రజి) సైన్యం వారిని ఓడించింది. రెండేళ్ళకు, హిజ్రీ 40లో, వారి వర్గానికే చెందిన ఇబ్నె ముల్జిమ్ కూఫాలో ఆయన్ను హత్య చేశాడు.

ఇబ్నె అబ్బాస్ (రజి) చివరి రోజుల్లో చూపు కోల్పోయారు. హిజ్రీ 68లో తాయిఫ్‌లో మరణించారు. హజ్రత్ అలీ (రజి) కుమారుడు ముహమ్మద్ బిన్ హనఫియ్యా ఆయన జనాజా నమాజ్ చేయించారు.